చలికాలం పెట్టల మేత: దాణా కొట్లో ఏది కొనాలి, ఏది వదిలెయ్యాలి

కార్తీకం వచ్చి పెట్టలు గుడ్లు తగ్గించాయంటే చాలు, కర్నూలు, అనంతపురం, కడప ఊళ్లలో ఏ దాణా కొట్టుకు పోయినా వరసగా అవే వస్తువులు బల్ల మీదికి వస్తాయి. లేయర్ మ్యాష్ (గుడ్ల పెట్టల పిండి దాణా) బస్తా, షెల్ గ్రిట్ (ఆల్చిప్పల పలుకులు), కాల్షియం సీసా, విటమిన్ సీసా, లివర్ టానిక్. పెరట్లో ఐదు నుంచి పదిహేను పెట్టలు పెంచుకునే ఇంటికి వీటిలో ఏది పనికొస్తుందో చూద్దాం. తీర్పు ముందే చెప్పేస్తాం: మ్యాష్, గ్రిట్ తప్పక కొనండి. విటమిన్ సీసా అవసరం పడినప్పుడు కొనొచ్చు. మిగతా రెండూ వద్దు. ఆ డబ్బుతో ఒక 9 వాట్ల ఎల్ఈడీ బల్బు తెచ్చుకోండి.

గుడ్లు తగ్గింది చలి వల్ల కాదు. రాత్రి 15 డిగ్రీలకు దిగినా నిండుగా ఈకలున్న పెట్టకు అదో లెక్క కాదు, గాలి నేరుగా కొట్టకుండా గూటికి ఓ పక్క గోనెపట్టా కడితే చాలు. అసలు కారణాలు రెండు. డిసెంబరులో మన దగ్గర పగలు సుమారు 11 గంటల 15 నిమిషాలే ఉంటుంది, గుడ్ల పెట్టకేమో 14 గంటల వెలుతురు కావాలి. రెండోది, ఈ నెలల్లోనే చాలా పెట్టలు ఈకలు రాలుస్తాయి. ఈక అంటే దాదాపు అంతా ప్రొటీనే. కొత్త ఈకలు వచ్చేదాకా తిన్న ప్రొటీన్ అటే పోతుంది, గుడ్డుకు మిగలదు.

లేయర్ మ్యాష్. బస్తా కుట్టు దగ్గర వేలాడే చీటీ చదవకుండా డబ్బులు ఇవ్వొద్దు. ప్రొటీన్ 16 నుంచి 18 శాతం, కాల్షియం 3 నుంచి 4 శాతం ఉండాలి. తయారైన తేదీ నెల దాటి ఉంటే పక్కన పెట్టమనండి, నిలవుండే కొద్దీ విటమిన్లు పోతాయి. గుప్పెడు తీసి పిడికిలి బిగించి వదిలితే పొడిపొడిగా రాలాలి. ఉండ కట్టినా, ముక్కిన వాసన వచ్చినా వద్దు. ఈశాన్య రుతుపవనాల వానలకు గోదాముల్లో కింది వరస బస్తాలు తేమ పీల్చుకుంటాయి, అందుకే పై వరసలోంచి తీయించుకోవడం మంచిది.

కొట్టువాళ్లు మ్యాష్ లేదని బ్రాయిలర్ ఫినిషర్ గుళికలు, అంటే మాంసం కోళ్లకు చివరి వారాల్లో పెట్టే దాణా, చేతిలో పెట్టడం మామూలే. "ఇదీ కోడి దాణానే అన్నా" అంటారు. కోడి దాణానే, కానీ గుడ్ల పెట్టది కాదు. అందులో కాల్షియం సుమారు 1 శాతమే ఉంటుంది. పైగా కొన్నిటిలో రక్తపారుడు రాకుండా కలిపే మందులుంటాయి. వాటిలో నికార్బజిన్ అనేది గుడ్లు తగ్గిస్తుంది, గోధుమరంగు పెంకును తెల్లబరుస్తుంది.

పెట్ట రోజుకు 110 గ్రాముల దాకా తింటుంది. కట్టేసి పెంచితే పది పెట్టలకు 50 కేజీల బస్తా 45 రోజులు వస్తుంది. పగలంతా బయట తిరిగి గింజా పురుగూ ఏరుకునేవాటికి 50, 60 గ్రాములు చాలు, అంటే అదే బస్తా మూడు నెలలు. అన్నాళ్లు నిలవుంచితే పాడవుతుంది కాబట్టి ఐదారు పెట్టల ఇల్లయితే ఇద్దరు ముగ్గురు కలిసి పంచుకోవడమే మేలు. విడిగా కేజీల లెక్కన అమ్మేది చవక కాదు, ఎప్పటిదో తేదీ కూడా తెలియదు. ఇంట్లో బస్తాను బండ మీద కాకుండా చెక్కల మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టండి.

పిల్లలు, పుంజులు, పెట్టలు అన్నీ ఒకే మూకుడులో తినే ఇళ్లలో లేయర్ మ్యాష్ వద్దు. గుడ్డు పెట్టని పిల్లకు అంత కాల్షియం పడితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. అలాంటిచోట అన్నిటికీ గ్రోయర్ మ్యాష్ (ఎదిగే కోళ్ల దాణా) పెట్టి, గ్రిట్‌ను వేరే చిప్పలో ఉంచాలి. కావలసిన పెట్ట దాని దగ్గరికి అదే పోతుంది.

షెల్ గ్రిట్. కొట్లో ఉన్నవాటిలో పెట్టిన రూపాయికి ఎక్కువ పని చేసేది ఇదే. ఒక గుడ్డు పెంకులో 2 గ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. తిన్నదంతా ఒంటికి పట్టదు కనుక రోజుకు దాదాపు 4 గ్రాములు లోపలికి పోవాలి. 3.5 శాతం కాల్షియం ఉన్న మ్యాష్ 110 గ్రాములు తింటే ఆ లెక్క సరిపోతుంది. మనం పెట్టేది 55 గ్రాములే అయితే అందేది 1.9 గ్రాములు. మిగతాది ఎముకల్లోంచి లాగుతుంది. ముందు తోలుగుడ్లు (గట్టి పెంకు లేని మెత్తటి గుడ్లు), తర్వాత కాళ్లు పట్టు తప్పడం. ఆల్చిప్పల గ్రిట్‌లో 38 శాతం దాకా కాల్షియం ఉంటుంది, 5 గ్రాములు తింటే ఆ లోటు తీరిపోతుంది. పది పెట్టలకు నెలకు కేజీన్నర, 5 కేజీల సంచి చలికాలమంతా వస్తుంది.

కొనేటప్పుడు పొడి వద్దు, పలుకులు చూడండి. 2 నుంచి 4 మిల్లీమీటర్ల పలుకు కందనకాయలో నిలిచి రాత్రంతా కొద్దికొద్దిగా కరుగుతుంది, పెంకు ఎక్కువగా కట్టేదీ రాత్రే. పొడి అయితే పొద్దుగూకక ముందే కిందికి జారిపోతుంది. చిప్ప సాయంత్రం తప్పక నిండుగా ఉండాలి.

దీనికి బదులు బేతంచెర్ల, తాడిపత్రి వైపు నాపరాళ్ల ఫ్యాక్టరీల పొడి ఊరికే దొరుకుతుంది కదా అని కొందరు తెచ్చి పోస్తారు. జాతికి సున్నపురాయే, కానీ ఒక్కో గనిలో ఇసుకపాలు, మెగ్నీషియం ఒక్కో తీరు. పైగా పిండిలా ఉంటుంది. తాంబూలం సున్నం అసలే వద్దు, నోరూ మేతసంచీ కాలిపోతాయి. డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే ఇంట్లోని గుడ్డు పెంకుల్నే ఎండబెట్టి, పెనం మీద వేయించి, పలుకులుగా నలిపి పెట్టండి.

సీసాలు. కాల్షియం సీసా వెనక్కి తిప్పి చూడండి. ఒక మిల్లీలీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల కాల్షియమో ఉంటుంది. దాన్ని ఒక పెట్టకు చెప్పిన మోతాదుతో హెచ్చవేసి, రోజుకు కావలసిన 4,000 మిల్లీగ్రాముల పక్కన పెట్టి పోల్చండి. ఆ తర్వాత కొనబుద్ధి పుట్టదు. లివర్ టానిక్ సంగతి ఇంకా తేలిక: నూకలు, మొక్కజొన్న మితిమీరి పెట్టడం వల్ల కాలేయానికి కొవ్వు పడితే మేత తగ్గించాలి గానీ టానిక్ పోసి లాభం లేదు.

ఎ, డి3, ఇ కలిసిన విటమిన్ సీసా మాత్రం ఈకలు రాల్చేటప్పుడు, కొక్కెర తెగులు టీకా వేయించినప్పుడు, నట్టల మందు తాగించాక పనికొస్తుంది. లేబుల్ మీది మోతాదు ప్రకారం 3 నుంచి 5 రోజులు, పొద్దున నీళ్లలో కలపాలి. మధ్యాహ్నానికి ఆ నీళ్లు పారబోయాలి. నెలల తరబడి పోస్తే ఈ విటమిన్లు ఒంట్లో పేరుకుని చెరుపు చేస్తాయి. ఎండలో తిరిగే పెట్ట డి3 తానే తయారు చేసుకుంటుంది, రాయలసీమలో ఎండకు కరువేముంది?

చెనిక్కాయ (వేరుశనగ) చెక్క. కొట్లో అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది దీనితోనే. ప్రొటీన్ 40 శాతానికి పైనే, అనంతపురం జిల్లాలో ఎక్కడంటే అక్కడ దొరుకుతుంది. కానీ కోత సమయంలో వాన తగిలిన బుడ్డలకు బూజు పట్టి అఫ్లాటాక్సిన్ పుడుతుంది. ఆ గింజలే గానుగకు పోతే విషం చెక్కలోనే మిగులుతుంది. ఎండబెట్టినా, ఉడకబెట్టినా పోదు. చచ్చేంత మోతాదు కాకపోయినా కాలేయం పాడై గుడ్లు తగ్గుతాయి, టీకా కూడా సరిగా పట్టదు. చెక్క విరిచి లోపల చూడండి, పచ్చటి నల్లటి మచ్చలుంటే వదిలెయ్యండి. మచ్చ లేనంత మాత్రాన పూర్తి భరోసా లేదు కాబట్టి, మంచిదనుకున్నా మొత్తం మేతలో పదో వంతు దాటనివ్వొద్దు. ఆదోని వైపు చవగ్గా వచ్చే పత్తి చెక్క గుడ్ల పెట్టలకు పనికిరాదు, నిలవుంచిన గుడ్లలో పచ్చసొన ఆకుపచ్చగా మారుతుంది.

ఈకలు రాల్చే పెట్టలకు ప్రొటీన్ కోసం సోయా చెక్క మేలు. సంతలో ఎండుచేపలు కొంటే ఉప్పు వేయనివే కొనాలి. ఉప్పుచేప పెట్టిన ఇంట్లో పారుడు, దాహం తప్పవు. నీళ్ల మీద తేలుతూ పెరిగే అజొల్లా అనే పచ్చిమేత కిట్లు కూడా అమ్ముతున్నారు. తాజా అజొల్లాలో తొంభై పాళ్లకు మించి నీళ్లే, వంద గ్రాములు తింటే ఒకటి రెండు గ్రాముల ప్రొటీన్. పచ్చసొన రంగుకు బాగుంటుంది, కానీ దానికి మునగాకు, అవిశాకు ఉన్నాయిగా.

పొద్దున్నే మ్యాష్‌ను గోరువెచ్చని నీళ్లతో, రెండు వంతుల పిండికి ఒక వంతు నీళ్లు పోసి పొలపొలగా తడిపి పెడితే పిండి వృథా కాదు. గంటలో తినగా మిగిలింది తీసెయ్యండి, పులుస్తుంది. తాగే నీళ్లు రాత్రివి కాకుండా అప్పుడే బోరులోంచి పట్టినవి పొయ్యండి, చలి ఉదయాల్లో అవే వెచ్చగా ఉంటాయి. సాయంత్రం గూటికి చేరేముందు పెట్టకు 30 గ్రాముల జొన్నలో, నలగ్గొట్టిన మొక్కజొన్నో చల్లండి, రాత్రంతా అరుగుతూ ఒంట్లో వేడి పుట్టిస్తాయి. అంతకు మించొద్దు. 17 శాతం ప్రొటీన్ ఉన్న మ్యాష్ 80 గ్రాములకు ఈ 30 గ్రాముల మొక్కజొన్న కలిస్తేనే మొత్తం 15 శాతానికి దిగిపోతుంది.

ఇక బల్బు. గూడు 10 అడుగుల గది అయినా 9 వాట్లు చాలు. రాత్రిపూట కాదు, తెల్లవారుజామున వెలగాలి. రాత్రి వెలిగించి ఠక్కున ఆర్పితే పెట్టలు పడుకునే దండెం ఎక్కలేక నేల మీదే ఉండిపోతాయి. ఉదయం 6కు మొదలుపెట్టి వారానికి అరగంట చొప్పున వెనక్కి జరుపుతూ 4 గంటలకు తెండి. టైమర్ సాకెట్ ఉంటే మనిషి లేవనక్కర్లేదు. రోజుకు రెండున్నర గంటలు వెలిగితే మూడు నెలలకు కాలేది 2 యూనిట్లు. గ్రామప్రియలాంటి గుడ్ల రకాలకు తేడా బాగా తెలుస్తుంది. నాటు పెట్ట పొదుగుకు కూర్చుంటే బల్బు గానీ బస్తా గానీ దాన్ని లేపలేవు. ఇంకా గుడ్డు మొదలుపెట్టని పడుచు పెట్టలున్న గూట్లో బల్బు వద్దు, ఒళ్లు కుదరకముందే గుడ్లకు వస్తాయి. మార్చి నుంచి మళ్లీ వారానికి అరగంట చొప్పున తగ్గించుకుంటూ రండి, ఒక్కసారిగా ఆపేస్తే గుడ్లు ఆగి ఈకలు రాల్చడం మొదలవుతుంది.