బొలేరో పికప్‌కు సొంతంగా చేయించిన పట్టా కప్పు: కొన్ని మిర్చి సీజన్లు వాడిన తర్వాత

పికప్ తొట్టికి సొంతంగా కప్పు చేయించుకోవాలనుకునేవారు ముందుగా అడిగేది పట్టా (టార్పాలిన్) ఎన్ని జి.ఎస్.ఎం. (చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువు) అనీ, ఎంత ఖర్చయిందనీ. చిలకలూరిపేట దగ్గరి మా ఊరి నుంచి గుంటూరు మార్కెట్ యార్డుకు కొన్ని సీజన్లుగా మిర్చి తోలిన అనుభవంతో నేను మాత్రం ముందుగా చెప్పేది నడుమ వేయించిన ఒక్క పైపు గురించే. పూరింటికి వెన్నుగాడి ఎలాగో ఈ కప్పుకు ఆ పైపు అలాగ. అది లేకపోతే ఎంత మందం పట్టా కప్పినా ప్రయోజనం సగమే.

సాధారణంగా వెల్డింగ్ షాపుల్లో పైభాగం చదునుగా ఉండే కమ్మీలు చేసి ఇస్తారు. నేను అంగుళం జి.ఐ. పైపును (జింకు పూత ఉన్న ఇనుప పైపును) కమాను ఆకారంలో, నడుమ భాగం పక్కల కంటే జానెడు ఎత్తుండేలా వంచించి, ఆ కమానుల నెత్తి మీదుగా ముందు నుంచి వెనుక దాకా ఒక నిలువు పైపు బిగింపించాను. కమానులను బాడీకి వెల్డింగ్ చేయించలేదు. అంగుళం పైపు ఇంచుంపావు పైపులోకి చక్కగా దిగుతుంది కనుక, ఇంచుంపావు పైపు ముక్కలను యు బోల్టులతో పక్క గోడలకు బిగించి, కమానుల కాళ్లను వాటిలో నిలబెట్టాము. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం బండి మూల నిర్మాణాన్ని మన ఇష్టానికి మార్చకూడదన్నది ఒక కారణమైతే, గడ్డి తోలే రోజుల్లో కమానులు మొత్తం ఊడదీయవలసి రావడం రెండో కారణం.

ఆ నిలువు పైపు విలువ నాకు పూర్తిగా తెలిసింది ఒక ఏప్రిల్ రాత్రి. సరుకు ఎక్కువగా వచ్చిన రోజుల్లో బండ్లు యార్డు బయట వరుసలో తెల్లవార్లూ ఆగవలసి వస్తుంది. ఆ రాత్రి ఉరుములతో మొదలైన అకాల వర్షం చాలాసేపు ఎడతెగకుండా కురిసింది. బండి నడుస్తున్నప్పుడు నీరు గాలికి జారిపోతుంది. నిలబడి ఉన్నప్పుడే పట్టా మీద మడుగు కడుతుంది. చదరపు మీటరు మేర అయిదు సెంటీమీటర్ల లోతు నీరు నిలిస్తే దాని బరువు 50 కిలోలు, అంటే ఒక నిండు టిక్కీకి (మిర్చి బస్తాకు) తక్కువ కాదు. ఆ బరువుకు పట్టా ఇంకా కుంగుతుంది, కుంగిన కొద్దీ ఇంకా నీరు చేరుతుంది, చివరకు కుట్టు దగ్గరో తాడు కట్టే రింగు దగ్గరో చిరుగుతుంది. మా ముందు బండిలో టిక్కీల మీద నేరుగా పట్టా పరిచి కట్టారు. ఆ రైతు కర్రతో పట్టాను కింది నుంచి ఎత్తి ఎత్తి నీరు తోస్తూనే ఉన్నాడు. తేమ 10, 11 శాతానికి మించకుండా కల్లంలో ఎండబెట్టిన కాయ ఒక్కసారి తడిస్తే రంగు పోతుంది, బూజు పడుతుంది, ధర పడిపోతుంది. అందుకే అతని ఆదుర్దా చూస్తే నాకు బాధ కలిగింది. మా కప్పు మీద పడిన నీరు పడినట్టే రెండు పక్కలకూ జారిపోయింది. తెల్లవారి కాటాకు దించేటప్పుడు ప్రతి టిక్కీనీ చేత్తో తడిమి చూశాను, ఒక్కటీ తడవలేదు.

అయితే నిలబడిన బండికి ఇచ్చినంత రక్షణ ఈ కప్పు పరుగెత్తే బండికి ఇవ్వదు. 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి వేగం పెంచితే ముందు అంచు కింది నుంచి గాలి దూరి పట్టా బుడగలా ఉబ్బుతుంది. వేగం రెట్టింపయితే గాలి తాకిడి నాలుగు రెట్లవుతుంది కనుక, 40లో కనిపించని ఇబ్బంది 80లో స్పష్టంగా తెలుస్తుంది. మొదటి పట్టా రింగులు అలాగే ఊడిపోయాయి. ఇప్పుడు రింగుల మీద ఆధారపడకుండా, పట్టా పైనుంచి తాడును అడ్డదిడ్డంగా తిప్పి కింది కొక్కేలకు కడుతున్నాము; ఉబ్బు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. ఎండలో మూసి ఉంచితే లోపల ఉక్క పెరుగుతుంది కనుక, ఆగినప్పుడల్లా వెనుక తెరను ఎత్తి కట్టవలసి ఉంటుంది. జింకు పొగ పీలిస్తే చలిజ్వరం వస్తుందని అతుకుల దగ్గర పూతను ముందే గీకించి వెల్డింగ్ చేయించాము. ఆ చోట్ల రంగు వేసినా ఇప్పుడు తుప్పు కనిపిస్తోంది. పైపులు జీవితాంతం ఉంటాయని మొదట్లో అందరితో అనేవాడిని. ఏటా అతుకులకు రంగు వేస్తేనే ఉంటాయని ఇప్పుడు అంటున్నాను.

నా అవసరం ఏడాదిలో మూడు నాలుగు నెలలదే, పైగా దగ్గరి దూరం. అంతవరకు ఈ కప్పుతో నాకు ఎంతో తృప్తిగా ఉంది. ఏడాది పొడుగునా దూరప్రయాణాలు చేసేవారికీ, కిరాణా సరుకు, పార్సిళ్లు వేసేవారికీ రేకు కంటైనర్ బాడీయే మేలనిపిస్తుంది, దాని బరువు మేరకు సరుకు తగ్గినా సరే. నాలాగే సీజనుకు మాత్రమే వాడేవారు పట్టా విషయంలో కొంత పొదుపు చేసినా ఇబ్బంది లేదు, ఎలాగూ ఎండకు అది కొన్నేళ్లకే పెళుసుబారుతుంది. నడుమ పైపు దగ్గర మాత్రం పొదుపు చేయవద్దు; షాపులో చదును కమ్మీలు చాలునని చెప్పినా, ఆ జానెడు ఎత్తు పెట్టించుకునే బయటికి రండి.