దారంతో వీల్ అలైన్‌మెంట్, వంకర స్టీరింగ్: ఐదేళ్ల వాడకం తర్వాత

నాలుగు స్టాండ్లు, రెండు అల్యూమినియం పైపులు, తాపీమేస్త్రీలు వాడే నైలాన్ దారం, అర మి.మీ. గీతలున్న స్టీలు స్కేలు. ఐదేళ్లుగా కారు టో (చక్రాల ముందంచులు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయన్న కొలత) సరిచేయడానికి వాడుతున్న సరంజామా ఇదే. పక్కన ఒక జత టో ప్లేట్లు (రెండు చక్రాలకూ ఆనించి, వాటి మధ్య ముందు దూరం, వెనక దూరం టేపుతో కొలిచే పలకలు) కూడా ఉన్నాయి. తీర్పు ముందే చెప్పేస్తాను. మొత్తం టో ఎంతుందో చూసుకోవడానికి ప్లేట్లు చాలు, ఐదు నిమిషాల పని. స్టీరింగ్ వంకరగా ఉంటే మాత్రం అవి ఎందుకూ కొరగావు. ముందు చక్రాలు రెండూ కుడికి చెరో డిగ్రీ తిరిగి ఉన్నా ప్లేట్ల లెక్కలో తేడా సున్నానే. దారం అలా కాదు, ఏ చక్రం లెక్క ఆ చక్రానిది విడిగా చూపిస్తుంది.

పైపులు రెండింటికీ ఒకే దూరంలో గాట్లు పెట్టుకోవాలి. ఒకటి బండి ముందు, ఒకటి వెనక, హబ్ (చక్రం మధ్య భాగం) నడిమి ఎత్తులో. గాట్లలో దారం బిగిస్తే రెండు దారాలూ వాటంతటవే సమాంతరంగా వస్తాయి. తర్వాత హబ్ నడిమి నుంచి దారానికి దూరం కొలిచి, ముందు కుడీఎడమలు సమానం, వెనక కుడీఎడమలు సమానం అయ్యేదాకా పైపులు జరపాలి. ముందు దూరం, వెనక దూరం ఒకటే కావాలని పట్టుబట్టకూడదు. చాలా బళ్లలో ముందు వెనక ట్రాక్ వెడల్పులు (కుడీఎడమ చక్రాల మధ్య దూరాలు) వేరు. మొదటిసారి చేసేవాళ్లు తప్పేది ఇక్కడే.

ఇక ప్రతి రిమ్ముకీ ముందంచు నుంచి, వెనకంచు నుంచి దారానికి ఎంతుందో చూడాలి. ముందంచు దగ్గర సందు ఎక్కువుంటే టో ఇన్, తక్కువుంటే టో అవుట్. 15 అంగుళాల రిమ్ము మీద 1 మి.మీ. తేడా సుమారు 8 నిమిషాల కోణం (డిగ్రీకి 60 నిమిషాలు). రిమ్ము కాస్త వంగి ఉంటే కొలత మోసం చేస్తుంది. బండిని చక్రం అర చుట్టు తిరిగేంత ముందుకు దొర్లించి, దారాలు మళ్లీ సరిచూసి, రెండోసారి కొలిచి సగటు తీసుకోవాలి. కొలిచేటప్పుడు దారానికి స్కేలు తగిలిందా, ఆ అంకె పనికిరాదు.

మొదట వెనక చక్రాలు చూడాలి. అవి రెండూ ఒకే పక్కకు తిరిగి ఉంటే బండి ఏటవాలుగా నడుస్తుంది, దాన్ని నిలబెట్టడానికి స్టీరింగ్ వంకరగా పట్టుకోవాల్సి వస్తుంది. అప్పుడు ముందు టై రాడ్లు (స్టీరింగ్ కదలికను చక్రాలకు అందించే కడ్డీలు) ఎంత తిప్పినా అసలు రోగం అలాగే ఉంటుంది. వెనక చక్రాలు రెండిటినీ ఒకే దూలంతో కలిపే ట్విస్ట్ బీమ్ యాక్సిల్‌కు చాలా బళ్లలో సర్దుబాటే ఉండదు. బుష్‌లు (రబ్బరు కీళ్లు), వంగిన బీమ్ చూసుకోవడమే.

ముందు చక్రాల దగ్గర స్టీరింగ్‌ను సరిగ్గా నిటారుగా పెట్టి, కదలకుండా కట్టేయాలి. సీటుకీ స్టీరింగ్‌కీ మధ్య కర్ర బిగిస్తే సరిపోతుంది. టై రాడ్ మర పిచ్ (ఒక చుట్టుకు జరిగే దూరం) 1.5 మి.మీ., స్టీరింగ్ ఆర్మ్ (టై రాడ్ తగిలి చక్రాన్ని తిప్పే చేయి) 130 మి.మీ. అనుకుంటే, ఒక పూర్తి చుట్టుకు చక్రం సుమారు 40 నిమిషాలు తిరుగుతుంది. స్టీరింగ్ నిష్పత్తి 15:1 (స్టీరింగ్ 15 డిగ్రీలు తిరిగితే చక్రం ఒక డిగ్రీ) ఉన్న బండిలో స్టీరింగ్ 10 డిగ్రీలు వంకరగా ఉందంటే, రెండు టై రాడ్లకూ చెరో చుట్టు, ఒకటి పొడవుకు, ఒకటి పొట్టికి. రాక్ (స్టీరింగ్ తిప్పితే పక్కకు జరిగే పళ్ల కడ్డీ) యాక్సిల్‌కు వెనక ఉన్న బళ్లలో స్టీరింగ్ ఏ పక్కకు వాలిందో ఆ పక్క టై రాడ్ పొట్టి చేయాలి, రెండోది అంతే పొడవు చేయాలి. రాక్ ముందుంటే తిరగేయాలి. రెండూ సమానంగా తిప్పినంతకాలం మొత్తం టో చెదరదు.

షాపులో కొత్తగా చేయించిన బండికి కూడా స్టీరింగ్ వంకర ఎందుకొస్తుందంటే, ఒక పక్క టై రాడ్‌ను కదలకుండా పట్టే లాక్ నట్ తుప్పు పట్టి కదలకపోతే రెండో పక్కే తిప్పి మొత్తం టో సరిపెట్టేస్తారు. స్టీరింగ్ కాస్త తిప్పి పెడితే రెండు చక్రాల టో అంకెలూ సమానమైపోతాయి. షాపు ఇచ్చే కాగితం నిండా పచ్చరంగే, రోడ్డెక్కితే వంకరే. రెండు టై రాడ్ల మీద బయటికి కనిపించే మర చుట్లు లెక్కపెడితే గుట్టు తెలిసిపోతుంది.

స్టీరింగ్ చక్రం ఊడదీసి ఒక పల్లు జరిపి బిగించే పద్ధతి మాత్రం వద్దు. ఎయిర్‌బ్యాగ్ ఒక ప్రమాదం. దానికి తోడు రాక్ నడిమిలో ఉండదు, ఒక పక్క మలుపు తగ్గుతుంది. స్టీరింగ్ ముందే ఎవరో ఊడదీసి తప్పు పల్లు మీద పెట్టి ఉంటేనే ఆ పని. ఒక చివరి నుంచి ఇంకో చివరికి చుట్లు లెక్కపెట్టి సగానికి రావాలి, అక్కడ స్టీరింగ్ నిటారుగా లేకపోతే తప్పు స్టీరింగ్ చక్రం బిగింపులోనే ఉంది.

దారంతో నాకున్న ఫిర్యాదులు కూడా చెప్పాలి. క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం), క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలడం) ఇది చూపించదు. క్యాంబర్ మారిస్తే టో కూడా మారుతుంది కాబట్టి అది ముందు తేల్చుకోవాలి. గాలి వీస్తే దారం ఊగుతుంది. నేల చదునుగా లేకపోతే మొత్తం శ్రమ వృథా. జాకీ దింపాక చక్రాలు వెంటనే సర్దుకోవు, బండిని నాలుగైదు మీటర్లు దొర్లించాకే కొలవాలి. ముందు టైర్ల కింద చెరో రెండు రేకులు, మధ్యలో గ్రీజు వేస్తే ఆ దొర్లించే పని తప్పుతుంది.

దారం కట్టకముందే టైర్లలో గాలి సరిచేయాలి, చక్రం పైకి లేపి 3, 9 గంటల దగ్గర పట్టుకుని ఊపాలి. టై రాడ్ ఎండ్ (చక్రం వైపు కీలు) లూజుగా ఉంటే ఏ సెట్టింగూ నిలబడదు. బండి ఒక పక్కకు లాగుతుంటే, టైర్లు రెండు వైపులా వాడదగ్గవైతే ముందు జత కుడీఎడమలు మార్చి చూడండి. లాగే దిక్కు మారిందంటే తప్పు టైరుదే.

టై రాడ్ తిప్పేముందు రబ్బరు బూట్ క్లిప్ వదులు చేయకపోతే బూట్ మెలిపడి చిరుగుతుంది. లాక్ నట్ బిగించేటప్పుడు ఎండ్‌ను ఇంకో పానాతో పట్టుకోవాలి, లేకపోతే అది పక్కకు తిరిగి బాల్ జాయింట్ ఒక చివరికి ఆనుకుంటుంది. ఈఎస్‌సీ (బండి జారకుండా అదుపుచేసే వ్యవస్థ) ఉన్న బళ్లలో స్టీరింగ్ యాంగిల్ సెన్సర్‌కు కొత్త సున్నా నేర్పాలి. కొన్నిట్లో రెండు చివరలకూ తిప్పితే చాలు, కొన్నిటికి స్కాన్ టూల్ కావాలి. అంతా అయ్యాక నట్, రాడ్ కలిపి పెయింటుతో ఒక గీత గీస్తే, నెల తర్వాత పానా ముట్టకుండానే జారిందో లేదో తెలిసిపోతుంది.