కాఠ్మాండులో పోయిన 32 వేలు, గోర్ఖాలో దొరికిన సంగటి

తిరుపతిలో మా కాలేజీ గేటు పక్కనే ఆ పోస్టర్ అంటించారు. నేపాల్‌లో నాలుగు వారాల వాలంటీరింగ్, అనాథ పిల్లలకు ఇంగ్లిష్ చెప్పాలి, చివర్లో అంతర్జాతీయ సర్టిఫికెట్. మనిషికి 38,000 రూపాయలు. బస, భోజనం అందులోనే, దారి ఖర్చులు మనవి. డిగ్రీ అయ్యాక పీజీలో చేరేముందు ఒక సెమిస్టర్ ఖాళీ ఉంచుకున్న నలుగురం డబ్బు కట్టేశాం. నేను, మా పిన్ని కూతురు, చిత్తూరు నుంచి వచ్చే నా క్లాస్‌మేట్, కుప్పం అబ్బాయి ఒకడు. వచ్చే ఏడాది ఇంకో నలుగురు అదే పోస్టర్ చూసి బయల్దేరకూడదని ఇది రాస్తున్నాను.

ప్రయాణం సాఫీగానే జరిగింది. చెన్నై నుంచి గోరఖ్‌పూర్‌కు స్లీపర్‌లో రెండు రాత్రులు, అక్కడి నుంచి బస్సులో సునౌలీ సరిహద్దు. మనకు వీసా అక్కర్లేదు, నడిచే దాటేయొచ్చు. కానీ 15 నుంచి 65 ఏళ్ల మధ్యవాళ్లు పాస్‌పోర్టో ఓటరు కార్డో చూపించాలి, ఆధార్ ఒక్కటీ పెట్టుకుని వెళ్లొద్దు. కుప్పం అబ్బాయి ఓటరు కార్డు బ్యాగు అడుగున దొరికేదాకా అందరికీ టెన్షన్. అవతలి వైపు కాఠ్మాండు బస్సుకు 1,300 నేపాలీ రూపాయలు తీసుకున్నారు. మన 100 రూపాయలకు వాళ్లవి 160, అధికారిక లెక్క అదే, అంటే 812 రూపాయలన్నమాట.

ఇక మేం చదువు చెప్పాల్సిన అనాథాశ్రమం. కాఠ్మాండు ఊరి చివర మూడంతస్తుల ఇల్లు, పదిహేడు మంది పిల్లలు. మా నలుగురికీ కలిపి ఒకటే గది ఇచ్చారు. ముగ్గురు ఆడపిల్లలం, ఒక అబ్బాయి, ఒకే గదిలో ఎలా పడుకుంటామని అడిగితే మధ్యలో ఒక దుప్పటి కట్టి వెళ్లిపోయారు. పాపం, కుప్పం అబ్బాయి ఆ నవంబరు చలిలో వంటింటి పక్క వరండాలో పడుకున్నాడు. మూడో రోజుకి వాడికి జ్వరం. పొద్దున పదింటికి ఒకసారి, రాత్రి ఏడింటికి ఒకసారి భోజనం. అది నేపాల్ పద్ధతే, దానికి నేను తప్పు పట్టను. పప్పు మాత్రం గిన్నె అడుగు కనిపించేంత పలచన. పిల్లలకూ అదే.

మొదటి రోజు నేను బోర్డు మీద ఏ, బీ, సీ, డీ రాస్తుంటే తొమ్మిదేళ్ల పాప ఒకటి మిగతావన్నీ గడగడా అప్పజెప్పేసింది. ముందు వచ్చినవాళ్లూ అవే చెప్పారట, వాళ్లకు ముందు వచ్చినవాళ్లూ అవే. ఏ క్లాసు ఎక్కడిదాకా వచ్చిందో రాసిపెట్టిన పుస్తకం కూడా లేదు. మేం గేటు దాటి లోపలికి వెళ్లగానే పిల్లలు పరిగెత్తుకొచ్చి చేతులు పట్టుకుని వేలాడారు, నాకు ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను. నాలుగో రోజు ఇద్దరు యూరప్ వాళ్లు వచ్చారు. అదే పరుగు, అలాగే చేతులు పట్టుకుని వేలాడటం. మా పిన్ని కూతురు అది చూసి మేడ మీదికి వెళ్లిపోయింది, ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. అదే రోజు సామాను గదిలో ప్లాస్టిక్ కవరు కూడా విప్పని పరుపులు పది పైనే కనిపించాయి. పిల్లలు కింద పలచటి బొంతల మీద పడుకుంటున్నారు. కొత్తగా వచ్చినవాళ్లను మాత్రం పరుపులకు చందా అడుగుతున్నారు.

అసలు సంగతి ఐదో రాత్రి తెలిసింది. చిత్తూరు అమ్మాయి వాళ్లింట్లో ఉర్దూ మాట్లాడతారు, ఆ పిల్లలు టీవీలో కార్టూన్లు చూసి హిందీ నేర్చుకున్నారు, కాబట్టి తనతో బాగా కలిసిపోయారు. ఆ తొమ్మిదేళ్ల పాప తన చెవిలో చెప్పింది, "మా అమ్మ ఉంది, ఊళ్లో ఉంది, నన్ను చదివిస్తామని తీసుకొచ్చారు" అని. మిగతావాళ్లను కూడా మెల్లగా కదిపితే పదకొండు మంది అమ్మ పేరు, ఊరి పేరు చెప్పారు. పొద్దున్నే వెళ్లి మేనేజర్‌ను అడిగాం. "మీరు వచ్చింది పిల్లల్ని ఆడించడానికి, ఎంక్వైరీ చేయడానికి కాదు" అన్నాడు. అరగంటలో బ్యాగులు సర్దుకుని బయటికొచ్చేశాం.

బౌద్ధ స్తూపం దగ్గర ఒక చిన్న లాడ్జిలో దిగాం, గదికి 1,600 నేపాలీ, మన వెయ్యి. రెండు గదులు తీసుకున్నాం. శుభ్రమైన దుప్పట్లు, వేడినీళ్లు, క్యూఆర్ కోడ్ మీద మన యూపీఐ పనిచేసింది. ఆ లాడ్జి నడిపే ఆవిడను అందరూ దీదీ అంటారు. మేం చెప్పింది విని ఆవిడేమీ ఆశ్చర్యపోలేదు. 1996 నుంచి 2006 దాకా మావోయిస్టు యుద్ధం నడిచినప్పుడు హుమ్లా లాంటి మారుమూల కొండ జిల్లాలకు దళారులు వెళ్లి, పిల్లల్ని కాఠ్మాండులో చదివిస్తామని తల్లిదండ్రుల దగ్గర డబ్బు తీసుకుని మరీ తెచ్చారట. తర్వాత అమ్మానాన్నా లేరని కాగితాలు పుట్టించారు. ఆ రాత్రి నలుగురం ఫోన్లలో దీని గురించే చదువుతూ కూర్చున్నాం. నేపాల్‌లో 70కి పైగా జిల్లాలుంటే, ఇలాంటి ఆశ్రమాల్లో అత్యధిక భాగం టూరిస్టులు తిరిగే ఐదు జిల్లాల్లోనే ఉన్నాయి. 2019లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ బాలల హక్కుల తీర్మానంలో ఈ వాలంటీర్ యాత్రల వల్ల పిల్లలకు జరిగే హాని గురించి కూడా చెప్పింది. మేం కట్టిన డబ్బు ఆ పిల్లల్ని వాళ్ల అమ్మల దగ్గరికి పోనివ్వకుండా పట్టి ఉంచే డబ్బని అర్థమయ్యాక నాకు నిద్ర పట్టలేదు. నేపాల్‌లో కూడా పిల్లల హెల్ప్‌లైన్ మన నంబరే, 1098. చిత్తూరు అమ్మాయే ఫోన్ చేసి, పిల్లలు చెప్పిన ఊళ్ల పేర్లన్నీ ఒక్కొక్కటిగా రాయించింది.

మరునాడు పశుపతినాథ్ వెళ్లాం. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో గంటలు గంటలు కూర్చుని పెరిగినవాళ్లం, ఇరవై నిమిషాల్లో దర్శనం అయ్యేసరికి నమ్మలేకపోయాం. అక్కడి ప్రధాన పూజారులు తరతరాలుగా కర్ణాటక నుంచి వచ్చే భట్టులు. కుప్పంలో పుట్టినవాడికి మూడు భాషలొస్తాయి కదా, మావాడు కన్నడంలో పలకరించగానే ఆ పూజారిగారి ముఖం వెలిగిపోయింది. ప్రధాన ఆలయంలోకి హిందువులనే రానిస్తారు, అందుకని చిత్తూరు అమ్మాయి బాగమతి నది అవతలి గట్టు మీద కూర్చుంది. ఒక్కతే ఉండటం మాకు నచ్చక విడతలుగా వెళ్లొచ్చాం. స్నేహితులతో వెళ్లేవాళ్లు ఈ సంగతి ముందే మాట్లాడుకోండి.

ఇంటికి వెళ్లిపోదామని పిన్ని కూతురు ఏడుస్తుంటే దీదీయే ఒక దారి చూపించింది. గోర్ఖా కొండల్లో వాళ్ల బంధువుల ఇల్లు ఉంది, కోతల కాలం, చేసే మనుషుల్లేరు, వెళ్తారా అంది. వెళ్లాం. బస్సులో ఆరు గంటలు, తర్వాత కొండెక్కడం రెండు గంటలు. ఇంట్లో ఇద్దరే, ముసలాయన, ఆయన భార్య. ఆమెను అందరిలాగే మేమూ ఆమా అని పిలిచాం. పెద్ద కొడుకు ఖతార్‌లో, చిన్నవాడు మలేషియాలో. మా రాయచోటి, మదనపల్లె వైపు కువైట్ వెళ్లినవాళ్ల ఇళ్లు ఎలా ఉంటాయో అచ్చం అలాగే ఉంది, గోడ మీద కొడుకుల ఫోటోలు, ఇంట్లో పెద్దవాళ్లు. 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో వచ్చిన భూకంపానికి కేంద్రం ఈ గోర్ఖా జిల్లాలోనే. వాళ్ల పాత ఇల్లు ఆ రోజే కూలిపోయింది, ఇప్పటిది కొడుకుల సంపాదనతో కట్టింది.

తిండికీ పడకకీ కలిపి రోజుకు మనిషికి 600 నేపాలీ, మన 375. పదకొండు రోజులున్నాం, 4,125 రూపాయలైంది. అక్కడ యూపీఐ లేదు, నోట్లే. పొద్దున్నే కొడవళ్లు పట్టుకుని మెట్ల పొలాల్లోకి దిగేవాళ్లం. ఆ పంటను వాళ్లు కోదో అంటారు. కంకి చేతిలోకి తీసుకుని చూస్తే మన రాగులే! కోసి, ఎండబెట్టి, కర్రలతో కొట్టి, తూర్పారబట్టాం. నాలుగో రోజుకి నడుము పట్టేసింది, చేతుల నిండా గీతలు. కానీ మేం కోసిన మడి కోసినట్టు కళ్ల ముందు కనిపించేది, ఆ ఆశ్రమంలో ఆరు రోజులున్నా నాకు అలాంటి తృప్తి ఒక్క పూట కూడా దొరకలేదు.

మొదటి రాత్రి ఆమా పొయ్యి మీద నీళ్లు మరిగించి, పిండి పోస్తూ కట్టెతో గెలుకుతుంటే మేం నలుగురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఢిఁడో అంటారట, అచ్చం మన రాగి సంగటే. మనలాగా అందులో బియ్యం వెయ్యరు, ఉత్త పిండే. పక్కన గుంద్రుక్ పులుసు, అంటే ఆకుకూరను పులియబెట్టి ఎండబెట్టి దాచుకున్నది. గోంగూర పులుపు కాదు గానీ నాలుక వెంటనే ఒప్పుకుంది. నమలకూడదు, మింగాలని ఆమా చేత్తో చూపించబోతే కుప్పం అబ్బాయి అప్పటికే రెండో ముద్ద మింగుతున్నాడు. ఆమా నవ్వుతూ ఇంకో ముద్ద వేసింది. ఇంటికి పోదామన్న మా పిన్ని కూతురు ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. చలి బాగా ఉంటుంది, మరుగుదొడ్డి బయట, స్నానం రెండు రోజులకోసారి. అవి పడనివాళ్లు వెళ్లకండి. ఒళ్లు వంచగలిగితే మాత్రం ముందు ఇలాంటి ఇల్లు వెతుక్కోండి. చిన్న పిల్లల ఆశ్రమానికి డబ్బు కట్టి వెళ్లే ఏ ప్రోగ్రాములోనూ చేరకండి, ఎంత మంచి పేరు పెట్టినా సరే.

తిరుపతి వచ్చాక ఆ పోస్టర్ అంటించిన ఏజెంట్ ఆఫీసుకు మా నాన్న, బాబాయి వెళ్లారు. అగ్రిమెంటులో డబ్బు వాపసు లేదని రాసుందంటూ ఏజెంట్ రెండు గంటలు వాదించి, చివరికి మనిషికి 6,000 ఇచ్చాడు. 32,000 పోయినట్టే. వారం తర్వాత ఈమెయిల్‌లో సర్టిఫికెట్లు వచ్చాయి, నాలుగు వారాలు పూర్తి చేశామని! మేం ఉన్నది ఆరు రోజులు. నలుగురం వాటిని తిప్పి పంపేశాం. హెల్ప్‌లైన్ వాళ్లు ఒకసారి తిరిగి ఫోన్ చేసి ఊళ్ల పేర్లు మళ్లీ అడిగి సరిచూసుకున్నారు, ఆ తర్వాత కబురు లేదు. ఏజెంట్ కొత్త పోస్టర్‌లో ఆ తొమ్మిదేళ్ల పాప నా చెయ్యి పట్టుకున్న ఫోటో వేశాడు. నేనే వెళ్లి తీసేయమన్నాను, చూద్దామన్నాడు. తీసేదాకా ఇక్కణ్నుంచి లేవనని కుర్చీలో కూర్చున్నాను. సాయంత్రానికి కాలేజీ గేటు దగ్గరున్న రెండు పోస్టర్లు వాళ్ల కుర్రాడే వచ్చి చించేశాడు, మూడోది నేను చించాను.