450 సీసీ క్వాడ్‌కి పెద్ద రేడియేటర్: నాలుగు ఇసుక సీజన్ల వాడకం తర్వాత

రేడియేటర్ మంచిదే. నా కోపమంతా దాంతో వచ్చిన ఫ్యాన్ వైర్ల మీద. రెండు వైర్లూ నలుపే, రెండింటికీ ఒకేలాంటి బుల్లెట్ కనెక్టర్లు, ఏది ఎందులో గుచ్చినా ఇట్టే దిగిపోతుంది. ఇంత ఖరీదైన అల్యూమినియం రేడియేటర్‌తో తిప్పి పెట్టడానికి వీల్లేని ప్లగ్ ఒకటి ఇచ్చి ఉంటే ఒక సీజన్ మొత్తం మిగిలేది.

బండి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న 450 సీసీ స్పోర్ట్ క్వాడ్, అంటే హ్యాండిల్‌తో నడిపే నాలుగు చక్రాల ఆఫ్‌రోడ్ బండి. పిస్టన్ స్టాక్‌దే, అంటే కంపెనీ నుంచి వచ్చినదే. ఎగ్జాస్ట్ మార్చి, దానికి తగ్గట్టు ఫ్యూయల్ మ్యాప్ (ఇంజిన్‌కి ఎప్పుడు ఎంత పెట్రోలు పోవాలో చెప్పే సెట్టింగ్) చేయించినది. వెనక ప్యాడిల్ టైర్లు, ఇసుకని తోసే తెడ్లలాంటి గట్లున్నవి. తిరిగేది ఎక్కువగా కాలిఫోర్నియాలోని గ్లామిస్ ఇసుక దిబ్బల్లో, అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా. అరిజోనాలోని ఫీనిక్స్ చుట్టుపక్కల నుంచి మనవాళ్లు కూడా ట్రైలర్లు కట్టుకుని అక్కడికి వెళ్తుంటారు కాబట్టి ఆ వాతావరణం లెక్కలోనే చెబుతున్నాను. ఇసుకలో ఇంజిన్‌కి ఊపిరాడే సందు ఉండదు. చక్రం ప్రతి తిప్పులోనూ లోడు లాగుతుంది. దిబ్బ ఎక్కేటప్పుడు రెండో గేరులో ఫుల్ థ్రాటిల్, బండి వేగం చూస్తే గంటకు 20 కిలోమీటర్లు. వేడి అత్యధికంగా పుట్టేదీ, ఎదురుగాలి అతి తక్కువగా తగిలేదీ ఒకే సమయంలో. అందుకే ట్రాక్ మీద హాయిగా ఉన్న బండి ఇక్కడికి రాగానే రేడియేటర్ మూత దగ్గర ఆవిరి కక్కుతుంది.

మొదటి సీజన్‌లో ఫలితం బాగుంది. ఇంజిన్ హెడ్ (పైభాగం) నుంచి రేడియేటర్‌కి వెళ్లే వేడి హోస్‌లో డిజిటల్ గేజ్ పెట్టి చూశాను. బయట 30 డిగ్రీలున్న మధ్యాహ్నం, అదే దిబ్బ మీద, స్టాక్ రేడియేటర్‌తో 106, 108 చూపించిన గేజ్ కొత్తదానితో 94 దాటలేదు. ఫ్యాన్ తిరగాల్సిన అవసరమే చాలా తక్కువసార్లు వచ్చింది. ఆ లెక్క చూసి అప్పట్లో చాలామందికి కళ్లు మూసుకుని కొనమని చెప్పాను. ఇప్పుడైతే అంత ధీమాగా చెప్పను.

రెండో సీజన్‌కి ముందు మోటారు బేరింగ్ గరగరలాడుతోందని ఫ్యాన్ విప్పి, కొత్త మోటారు వేయించాను. అప్పటి నుంచి మొదలైంది తిప్పలు. ఇంటి ముందు స్టాండ్ మీద ఐడిల్‌లో పెడితే ఫ్యాన్ తిరుగుతుంది, గేజ్ 100 దగ్గర నిలబడుతుంది, అంతా బాగున్నట్టే. చదునైన ఇసుకలో 60 కిలోమీటర్ల వేగంతో పోతే 90. మెల్లగా దిబ్బ ఎక్కేటప్పుడు మాత్రం రెండు మూడు నిమిషాల్లో 118, ఆ వెంటనే ఓవర్‌ఫ్లో డబ్బాలో, అంటే పొంగిన నీళ్లు చేరే చోట, బుడగలు.

ఈ లక్షణాలు చూసిన ఎవరైనా ముందు కూలెంట్‌ని (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవాన్ని) అనుమానిస్తారు, తర్వాత మూతని, తర్వాత వాటర్ పంపుని. మూడూ మార్చడమైంది. పంపు ఇంపెల్లర్ రెక్కలు శుభ్రంగా ఉన్నాయి. పంపు కింద ఉండే చిన్న రంధ్రం నుంచి చుక్క కారలేదు, అంటే సీలు బాగానే ఉంది. ఆయిల్ పాలలా తెల్లబడలేదు, అంటే అందులో కూలెంట్ కలవలేదు. హెడ్ గాస్కెట్ (హెడ్ కింద ఉండే సీలు) పోయిందేమోనని చల్లటి ఇంజిన్ మీద మూత తీసి స్టార్ట్ చేసి చూస్తే రేడియేటర్ మెడలో ఆగకుండా వచ్చే బుడగలూ లేవు. పుండు ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాసినట్టే అయింది.

చివరికి పట్టిచ్చింది చిన్న కాగితం ముక్క. ఫ్యాన్ తిరుగుతుండగా రేడియేటర్ ముందు వైపు, అంటే గాలి లోపలికి రావాల్సిన వైపు, పలుచటి కాగితం పెడితే అది ఫిన్లకు (రేడియేటర్ పలుచటి రేకులకు) అతుక్కోవాలి. ఇది ఎగిరి అవతల పడింది. మోటారు మార్చినప్పుడు ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. డీసీ మోటారు కదా, వైర్లు తిప్పితే వెనక్కి తిరుగుతుంది. చూపుకి తేడా తెలియదు, శబ్దం కూడా దాదాపు అదే.

లక్షణాలన్నీ అప్పుడు ఒక్కసారిగా అర్థమయ్యాయి. బండి నిలబడి ఉన్నప్పుడు ఫ్యాన్ గాలిని వెనక నుంచి ముందుకి నెట్టినా, ఎంతోకొంత గాలి ఫిన్ల గుండా పోతూనే ఉంటుంది. అందుకే ఐడిల్ పరీక్షలో దొరకలేదు. వేగంగా పోతే ఎదురుగాలి ఫ్యాన్‌ని ఓడించేస్తుంది. 15 నుంచి 25 కిలోమీటర్ల మధ్య మాత్రం ఎదురుగాలి, ఫ్యాన్ గాలి ఒకదాన్నొకటి తన్నుకుని రేడియేటర్‌లో గాలి కదలిక దాదాపు ఆగిపోతుంది. పైగా రేడియేటర్ వెనకే ఎగ్జాస్ట్ బెండు పైపు ఉంటుంది. దాని సెగని కూడా ఫ్యాన్ లాగి రేడియేటర్ మీదే పోస్తుంది. వైర్లు తిప్పి పెట్టాక అదే దిబ్బ మీద 97. మీ బండి నిలబడితే బాగుండి, వేగంలో బాగుండి, నెమ్మదిగా ఎక్కేటప్పుడు మాత్రమే కాగిపోతుంటే, పైసా ఖర్చు పెట్టేముందు కాగితం పెట్టి చూడండి.

ఆ తర్వాత వైరింగ్ మొత్తం మళ్లీ చేశాను. ఒకే విధంగా దిగే రెండు పిన్నుల వాటర్‌ప్రూఫ్ ప్లగ్, ప్లస్ వైరుకి ఎర్ర స్లీవ్, 10 ఆంపియర్ల ఫ్యూజు, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంటేనే పనిచేసే రిలే. థర్మో స్విచ్‌కి (వేడెక్కితే ఫ్యాన్‌ని తానే వేసేదానికి) సమాంతరంగా హ్యాండిల్ దగ్గర ఒక మామూలు టోగుల్ స్విచ్ పెట్టాను. దిబ్బ మొదట్లోనే ఫ్యాన్ వేసుకుంటే వేడి పేరుకోదు, పేరుకున్నాక దించడం చాలా కష్టం. ఫ్యాన్ మైనస్ వైరుని మాత్రం రేడియేటర్ బాడీకి కలపకండి. కరెంటు కూలెంట్ గుండా పోతే అల్యూమినియం లోపలి నుంచి తినేసుకుపోతుంది. నేరుగా బ్యాటరీ మైనస్‌కో ఫ్రేమ్‌కో కలపాలి. మల్టీమీటర్ మైనస్ పుల్లని బ్యాటరీ మైనస్‌కి ఆనించి, ప్లస్ పుల్లని రేడియేటర్ మెడలోని కూలెంట్‌లో మాత్రమే ముంచి (లోహానికి తగలకూడదు) చూస్తే 0.1 వోల్ట్ లోపు ఉండాలి. 0.3 చూపిస్తే ఊరుకోకూడదు. ఈ బండ్ల స్టేటర్ (కరెంటు పుట్టించే భాగం) చిన్నది. ఎల్‌ఈడీ లైట్ బార్, ఫ్యాన్ రెండూ వేసి ఐడిల్‌లో వదిలేస్తే బ్యాటరీ దిగిపోతుంది.

ఇక ముందు చేసిన పొగడ్త సంగతి. ఈ రేడియేటర్‌లో ట్యూబులు రెండు వరుసలు, కోర్ (ట్యూబులు, ఫిన్లు ఉండే భాగం) మందం. మందం పెరిగితే నీటి నుంచి గాలికి వేడి దాటే చోటు పెరుగుతుంది, నిజమే. కానీ గాలి దూరడం కూడా అంతే కష్టమవుతుంది. వేగంలో ఆ తేడా తెలియదు. నెమ్మదిగా పోయేటప్పుడు మాత్రం స్టాక్ రేడియేటర్ కంటే ఇది ఫ్యాన్ మీద ఎక్కువ ఆధారపడుతుంది. మొదటి సీజన్‌లో వచ్చిన 94లో రేడియేటర్ వాటా ఎంతో, అప్పుడే పోసిన తాజా కూలెంట్, బిగించిన కొత్త మూత వాటా ఎంతో విడదీసి చెప్పలేను. మూడూ ఒకేరోజు మార్చడం పొరపాటే.

మూత విషయంలో అపోహ ఎక్కువ. అది ఇంజిన్‌ని చల్లబరచదు, మరుగు స్థానాన్ని పెంచుతుందంతే. సగం నీళ్లు, సగం గ్లైకాల్ ఉన్న కూలెంట్ మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. 1.1 బార్ మూత బిగిస్తే సుమారు 129. మూత రబ్బరు గట్టిపడి సగం ఒత్తిడే పట్టితే 120 దగ్గరే మరిగి బయటికి కక్కేస్తుంది. 1.8 బార్ మూతలు దొరుకుతాయి గానీ ఆ ఒత్తిడంతా పాత హోసులు, పంపు సీలు మోయాలి. నేను 1.1 దగ్గరే ఉండిపోయాను, రెండు సీజన్లకోసారి కొత్తది వేస్తాను.

కూలెంట్ సిలికేట్ లేని, అల్యూమినియానికి సరిపడే రకం, డిస్టిల్డ్ వాటర్‌తో. ఫీనిక్స్ కుళాయి నీళ్లలో సున్నం ఎక్కువ, ట్యూబుల లోపల పొరకట్టేస్తుంది. గడ్డకట్టే చలి లేని చోట గ్లైకాల్‌ని 30 శాతానికి తగ్గించి నీళ్లు పెంచవచ్చు, నీళ్లు వేడిని బాగా మోస్తాయి. ఫ్లాగ్‌స్టాఫ్ లాంటి చలిచోట బండి పెట్టేవాళ్లు మాత్రం సగం సగమే పోయాలి. నీళ్లు కలపని కూలెంట్ 190 దాకా మరగదు. దాన్ని నేను ఇష్టపడను. వేడిని తక్కువ మోస్తుంది కాబట్టి హెడ్ ఇంకా కాగుతుంది, ఆవిరి రాదు కాబట్టి మీకు తెలియదు.

పోసే పద్ధతిలో చాలామంది తప్పు చేస్తారు. ముందు చక్రాలు ర్యాంప్ ఎక్కించాలి, రేడియేటర్ మెడ అన్నిటికన్నా ఎత్తులో ఉండాలి. గాలి తీసే బోల్టు ఉంటే వదులు చేసి, బుడగ లేని ధార వచ్చేదాకా నెమ్మదిగా పోసి బిగించాలి, రాగి వాషర్ కొత్తది వేయాలి. తర్వాత మూత లేకుండా నాలుగైదు నిమిషాలు ఐడిల్‌లో పెట్టి, హోసులు చేత్తో పిసుకుతూ, మట్టం తగ్గిన కొద్దీ నింపాలి. ఈ రేడియేటర్‌కి స్టాక్ కంటే పావు లీటరు ఎక్కువ పట్టింది. లోపల గాలి మిగిలితే ఇంకో ప్రమాదం ఉంది. హోస్‌లోని సెన్సర్ నీళ్లలో కాక ఆవిరిలో వేలాడితే గేజ్ తక్కువ చూపిస్తుంది. కాగిపోతున్న బండి మీద అంకె హఠాత్తుగా దిగిందంటే సంతోషించకండి, వెంటనే ఆపండి.

ఫిన్లు కడగడానికి ప్రెషర్ వాషర్ వద్దు, వంగిపోతాయి. తోట గొట్టంతో, ఇంజిన్ వైపు నుంచి బయటికి. వరికోత యంత్రాల రేడియేటర్‌లో పొట్టు ఊదేవాళ్లకి ఇది చెప్పనక్కర్లేదు. ఎండు ఇసుక రాలిపోతుంది. వాగుల బురద మాత్రం ఇటుకలా గట్టిపడుతుంది, ఆ రోజే కడగాలి. ముందు బంపర్‌కి నంబరు ప్లేటో బ్యాగో తగిలించి గాలి దారి మూసేయకండి.

ఏ రేడియేటరూ తీర్చలేని వేడి కొంత ఉంది. ఎగ్జాస్ట్ మార్చి మ్యాప్ మార్చకపోతే మిశ్రమం పలచబడి ఇంజిన్ కాగుతుంది. పట్టేసిన బ్రేకు, జారే క్లచ్, మరీ బిగించిన చైను కూడా లోడే. కంప్రెషన్ పెంచిన పిస్టన్‌కి తక్కువ ఆక్టేన్ పెట్రోలు పోస్తే నాకింగ్ (పెట్రోలు మిశ్రమం అదుపు తప్పి పేలడం) వచ్చి పిస్టన్ పైభాగమే కరుగుతుంది.

స్టాక్ పిస్టన్‌తో, చల్లటి నెలల్లో, 75 కిలోల మనిషి నడిపే ఈ బండికి అసలు ఈ రేడియేటర్ అవసరమేనా అంటే, ఇప్పుడు మాత్రం కచ్చితంగా అవునని అనలేను. ఫ్యాన్ టోగుల్, మంచి మూత, సరిగ్గా గాలి తీసిన కూలెంట్ ఉంటే స్టాక్‌తోనే 100 దగ్గర నడిచేదేమో. పెద్ద పిస్టన్ వేసినవాళ్లకి, ఏప్రిల్ ఎండల్లో కూడా దిబ్బలు వదలనివాళ్లకి లెక్క వేరు, వాళ్లకి ఇది కొనదగ్గదే. కొంటే బిగించిన రోజే వైరు ప్లగ్ మార్చేయండి. స్టాక్ రేడియేటర్‌ని అమ్మకండి. నాది ఇంకా గ్యారేజీలోనే ఉంది, వచ్చే అక్టోబరులో దాన్ని మళ్లీ బిగించి, మిగతావేవీ మార్చకుండా, అదే దిబ్బ మీద గేజ్ చూడాలని ఉంది.