పక్కింటికి ఇవ్వడానికి ఏ వాక్య క్యాలెండర్ మంచిది?

ఏడాది చివర్లో క్రైస్తవ పుస్తకాల షాపుల్లో వాక్య క్యాలెండర్లు (తేదీల పైన బైబిలు వాక్యం అచ్చేసినవి) మూడు రకాలు కనిపిస్తాయి: ఒకే షీటుది, 6 షీట్లది, 12 షీట్లది. మనింట్లోకి ఏదైనా సరే. ఇరుగుపొరుగుకి ఇవ్వాలంటే మాత్రం 12 షీట్లదే కొనండి. కారణం వాక్యం కాదు, పాల లెక్క.

ఒకే షీటులో ఏడాదంతా ఇరికిస్తారు, రాసుకునే చోటుండదు. 6 షీట్లదాంట్లో పేజీకి రెండు నెలలు. 'అర లీటరు' అని రాసేసరికి గడి నిండిపోతుంది. 15 అంగుళాల వెడల్పున్న 12 షీట్లదాంట్లో ఒక్కో గడి దాదాపు రెండంగుళాలు. పాలు, గ్యాస్ బండ మార్చిన తేదీ, పనమ్మాయి నాగాలు అన్నీ పడతాయి. పెన్ను పట్టుకుని రోజూ దాని ముందు నిలబడేవాళ్లకే పైనున్న వాక్యం కంట్లో పడేది.

తళతళలాడే ఆర్ట్ పేపర్ వద్దు. బాల్ పెన్ జారుతుంది, రాసింది వేలు తగిలితే అలుక్కుపోతుంది. 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాములు తూగే), మెరుపు లేని మ్యాప్‌లిథో చాలు. షాపులో నమూనా కాపీ ఉంటే మూలన ఓ గీత గీసి చూడండి, షాపాయన కసిరినా సరే.

2027 క్యాలెండర్లో మూడు నెలలు తప్పక తిప్పి చూడాలి. జనవరి, మే, అక్టోబర్‌లకు ఆరు వరసలు కావాలి. ఐదే వరసలు వేసిన అచ్చులో జనవరి 24, 31 ఒకే గడిలో అడ్డగీతతో సర్దుకుంటాయి. పాల లెక్క తప్పేది అక్కడే. గుడ్ ఫ్రైడే మార్చి 26, ఈస్టర్ మార్చి 28. పాత ఫైలునే దిద్దిన చోట 2026 నాటి ఏప్రిల్ 3, 5 అలాగే ఉండిపోతాయి. ఉగాది, రంజాన్ సెలవులు, అమావాస్య, పౌర్ణమి లేకపోతే పక్కింట్లో అది మేకెక్కదు. అవి వేస్తే విశ్వాసం పలచనవుతుందనే వాళ్లతో మాకు పేచీయే.

వాక్యాలు పొట్టివి ఉన్నది ఎంచుకోండి. 'యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు' అన్నది ఎవరైనా చదివేస్తారు. 'ప్రకాశింపనియ్యుడి' దగ్గర కొత్తవాళ్లు ఆగిపోతారు. ఫాంటు మార్పిడిలో ఒత్తులు ఎగిరిపోవడం మరో బెడద: రావత్తు జారితే 'క్రీస్తు' కాస్తా 'కీస్తు' అవుతాడు. సంఘం తరఫున వేయించేవాళ్లు ప్రూఫు (అచ్చుకు ముందు సరిచూసుకునే ప్రతి) మీద ఈ ఒక్క మాటైనా ప్రతి పేజీలో వేలు పెట్టి చదవాలి. పాస్టరుగారి ఫోటో పావు పేజీ ఆక్రమిస్తే క్యాలెండర్ నేరుగా అటకెక్కుతుంది. అడుగున ఒక్క వరసలో సంఘం పేరు చాలు.

డిసెంబర్ 20లోపే ఇచ్చేయండి. ఆ తర్వాతైతే బంగారం షాపువాళ్లదో కిరాణా కొట్టువాళ్లదో అప్పటికే మేకుకు వేలాడుతుంటుంది. చుట్టేటప్పుడు అచ్చు బయటికి వచ్చేలా చుట్టాలి. లోపలికి చుడితే అడుగు అంచు ముందుకు ముడుచుకుని చివరి వారం తేదీలను కప్పేస్తుంది.