వియంటియాన్ – లువాంగ్ ప్రబాంగ్ రైలు: ఒక రిటైర్డ్ గార్డు మాట

కాజీపేట కేంద్రంగా గార్డుగా చేసి రిటైరైనవాణ్ణి. ఏ ఊరెళ్లినా గుడి కంటే ముందు స్టేషనే చూస్తానని మా ఆవిడ ఫిర్యాదు. బ్యాంకాక్‌లో ఉద్యోగం చేసే అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు పక్కనే ఉన్న లావోస్‌లో చైనావాళ్లు వేసిన కొత్త లైను మీద, రాజధాని వియంటియాన్ నుంచి ఉత్తరాన ఉన్న లువాంగ్ ప్రబాంగ్ ఊరి దాకా ప్రయాణం చేసొచ్చాం. వెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. కాస్త రైల్వే పిచ్చి కలుస్తుంది, భరించండి.

బ్యాంకాక్‌లో రాత్రి స్లీపర్ ఎక్కితే పొద్దున్నకల్లా వియంటియాన్ శివార్లలోని ఖమ్‌సవాత్ స్టేషన్‌లో దింపుతుంది. ఈ బండి 2024 జూలైలో మొదలైంది. దారిలో నాంగ్ ఖాయ్‌లో దిగి పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకోవాలి. తర్వాత మెకాంగ్ నది మీద వంతెన. రోడ్డు మధ్యలోనే పట్టాలు పొదిగి ఉంటాయి, రైలు పోయేదాకా కార్లన్నీ ఆగాలి. 1994లో తెరిచిన ఆ వంతెన ఆస్ట్రేలియా డబ్బుతో కట్టింది. దాని మీదుగా వెళ్లే లైను థాయ్‌వాళ్లది, మీటర్‌గేజ్. అంటే మన పాత భాషలో చిన్న లైను. నెమ్మదిగా ఊగుతూ పోతుంది. నాకైతే నిజామాబాద్ వైపు పాత బండ్లు గుర్తొచ్చాయి.

ఖమ్‌సవాత్‌లో దిగి, చైనా రైలు ఎక్కుదామని ప్లాట్‌ఫారం మారబోతే కుదరదు. ఆ స్టేషన్ వేరు. టాక్సీ మాట్లాడుకుని సామాన్లన్నీ ఎక్కించాలి. కారణం గేజ్. థాయ్ పట్టాల మధ్య దూరం 1000 మి.మీ., చైనా పట్టాలది 1435. సరుకు రవాణాలో కూడా ఇదే తంతు, కంటైనర్లను ఒక బండి మీంచి ఎత్తి ఇంకో బండి మీద పెట్టాలి. 2009లో మొదలైన మూడున్నర కిలోమీటర్ల థాయ్ లైను ఒక్కటే చాలాకాలం లావోస్ మొత్తానికీ రైల్వే. 2021 డిసెంబర్ 3న ఉత్తరం నుంచి 1435 వచ్చింది. ఏ దేశం ఎవరి గేజ్ వేసుకుందో చూస్తే, దాని సరుకు ఎటు పోవాలనుకుంటోందో రైల్వేవాడికి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

ఇక రైలు సంగతి. స్టేషన్ మన పెద్ద ఎయిర్‌పోర్టు టెర్మినల్ అంత ఉంటుంది, ఊరికి మాత్రం చాలా దూరం. పేర్లు లావో, చైనా లిపుల్లో రాసి ఉన్నాయి. టికెట్‌కి పాస్‌పోర్టు ఉండాలి. బ్యాగులు స్కాన్ చేస్తారు. కత్తెర, స్ప్రే డబ్బాలు లోపలికి రానివ్వరు, ముందే తెలుసుకుని మా ఆవిడ కత్తెర అబ్బాయి ఇంట్లోనే వదిలేశాం. ప్లాట్‌ఫారం మీదికి ఎప్పుడంటే అప్పుడు పోనివ్వరు, వెయిటింగ్ హాల్లో కూర్చోవాలి, గేటు తీశాకే వెళ్లాలి. టీ అమ్మే కుర్రాడూ లేడు, వీడ్కోలు చెప్పే చుట్టాలూ లేరు. ఇంత నిశ్శబ్దంగా ఉన్న ప్లాట్‌ఫారం నా సర్వీసులో చూళ్లేదు.

బండి పేరు లాన్ సాంగ్, పది లక్షల ఏనుగులని అర్థం, అక్కడి పాత రాజ్యం పేరు. లావోస్ జెండా రంగులే వేశారు. సెకండ్ క్లాస్‌లో ఒక పక్క మూడు, ఒక పక్క రెండు సీట్లు. సెకను తేడా లేకుండా కదిలింది. గంటకు 160 కిలోమీటర్ల దాకా పోతుంది. మంచినీళ్ల సీసా బల్ల మీద పెట్టి చూశాను, నీళ్లు కదిలాయే తప్ప సీసా కదల్లేదు. ట్రాక్ వేసినవాడికి దండం పెట్టాలనిపించింది. మధ్యలో వాంగ్ వియెంగ్ అనే ఊరు దాటాక కొండలు మొదలవుతాయి. కిటికీలోంచి లోయ కనిపించిందని ఫోన్ తీసేలోపు సొరంగం. ఈ లైనులో లావోస్ వైపు 75 సొరంగాలున్నాయి. రోడ్డు మీద దాదాపు రోజంతా పట్టే ప్రయాణం రెండు గంటల్లోపు అయిపోయింది.

సింగిల్ లైనే. క్రాసింగ్‌లో ఎదురు గూడ్సు కనిపించింది, చైనా వైపు వెళ్తోంది. చైనాలోని కున్‌మింగ్ నుంచి వియంటియాన్‌కు మొత్తం 1,035 కిలోమీటర్లు. లావోస్ భాగానికైన ఖర్చు సుమారు 600 కోట్ల డాలర్లు. కంపెనీలో చైనా సంస్థల వాటా 70 శాతం, లావోస్‌ది 30. ఆ 30కి కూడా చాలావరకు చైనా బ్యాంకు అప్పే ఆసరా. లావోస్ విదేశీ అప్పులో సగం దాకా చైనాదే. 2021లో డాలరుకు దాదాపు పదివేలు ఉన్న లావోస్ కరెన్సీ కిప్ తర్వాత మూడేళ్లలో ఇరవై వేలు దాటింది. హైవోల్టేజ్ కరెంటు లైన్లు నడిపే హక్కు కూడా చైనా కంపెనీకి మెజారిటీ ఉన్న సంస్థ చేతికెళ్లింది. అప్పు చేసి పప్పుకూడు అనేద్దామంటే నోరు రాలేదు. మా సికింద్రాబాద్–వాడి లైను కూడా 1874లో నిజాం డబ్బుతోనే పడింది, వెళ్లి కలిసింది మాత్రం బ్రిటిష్‌వాళ్ల బొంబాయి లైనుకి. ఆ లైను మీదే నా ఉద్యోగం, నా ఇల్లు, పిల్లల చదువు.

వియంటియాన్‌లో బాంబుల మ్యూజియం ఒకటి ఉంది, కోప్ సెంటర్ అంటారు. తప్పకుండా చూడండి. 1964 నుంచి 1973 దాకా అమెరికా ఈ చిన్న దేశం మీద 20 లక్షల టన్నులకు పైగా బాంబులు వేసింది. కొన్ని విమానాలు లేచింది మేం రాత్రి రైల్లో దాటొచ్చిన ఉడాన్ థానీ నుంచే. ఈ రైలు మార్గం వేసే ముందు కూడా పేలని బాంబులు ఏరాల్సి వచ్చింది. ఆ రోజుల్లో లావోస్‌కి పెద్దన్న వియత్నాం. 1979లో చైనా, వియత్నాం కొట్టుకుంటే లావోస్ వియత్నాం పక్కనే నిలబడింది. ఇప్పుడు రాజధాని నుంచి చైనా సరిహద్దుకి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి చేరతారు. వియత్నాం ఊరుకోలేదు. 2021లో కొత్త పార్లమెంటు భవనం కట్టి కానుకగా ఇచ్చింది, తన వుంగ్ ఆంగ్ రేవుకి లావోస్ నుంచి రైలు వేద్దామంటోంది. అదే వియత్నాం 2023 సెప్టెంబర్‌లో అమెరికాతో బంధాన్ని పై మెట్టుకి పెంచి, డిసెంబర్‌లో షీ జిన్‌పింగ్‌కి స్వాగతం పలికింది. థాయ్‌వాళ్లు ఇంకా గడుసు. అమెరికాకి పాత మిత్రులు, అయినా చైనా టెక్నాలజీతో హైస్పీడ్ లైను వేస్తున్నారు, అప్పు మాత్రం వద్దని సొంత డబ్బే పెడుతున్నారు. అందుకే నెమ్మదిగా అవుతోందట. నాకు ఆ నెమ్మది నచ్చింది.

మనవాళ్ల సంగతంటారా? మెకాంగ్–గంగ సహకారమని మన దేశం, ఈ మెకాంగ్ దేశాలు కలిసి 2000లో ఈ వియంటియాన్‌లోనే మొదలుపెట్టారు. దక్షిణాన వాట్ ఫూ అనే పాత శివాలయాన్ని మన పురావస్తు శాఖ బాగుచేస్తోంది. మణిపూర్ నుంచి మయన్మార్ మీదుగా థాయ్‌లాండ్‌కి రోడ్డు అనే మాట 2002 నుంచీ వింటున్నాం, మయన్మార్‌లో యుద్ధంతో అది ఇంకా పూర్తికాలేదు.

ఒక జాగ్రత్త. ఇక్కడినుంచే టికెట్లు తీసిపెడతానన్న ఒక ఏజెంటు మా దగ్గర అసలు ధరకి దాదాపు రెట్టింపు గుంజాడు. రైల్వేవాళ్ల యాప్‌లో మీరే తీసుకోండి, సెలవుల్లో అయితే ముందుగా. లువాంగ్ ప్రబాంగ్ స్టేషన్ కూడా ఊరికి దూరమే, బయట షేర్ వ్యాన్లు ఉంటాయి. తినడానికి ఏదైనా కట్టుకెళ్లండి. మేం పులిహోర పట్టుకెళ్లాం. సొరంగాల మధ్య చీకట్లో మా ఆవిడ డబ్బా మూత తీస్తే, పక్క సీటు చైనా ముసలాయన వాసన చూసి నవ్వాడు. ఒక ముద్ద పెట్టాం. ఆయన బత్తాయిలు ఇచ్చాడు.

రైలుకి అయిదుకి నాలుగున్నర. స్టేషన్లు ఉన్న చోటుకి రెండు. తిరుగు ప్రయాణంలో మళ్లీ చిన్న లైనుకే ఎక్కాం, రాత్రంతా ఊగింది, బాగా నిద్రపట్టింది.