హ్యావింగ్‌లో అలియాస్: ఏడేళ్లు వాడాక చెబుతున్నా

పర్లాకిమిడిలో ఒక జీడిపిక్కల వ్యాపారి దగ్గర లెక్కలు చూస్తాను. ఊరివారీగా ఎన్ని కిలోలు వచ్చాయో కూడి, 500 దాటిన ఊళ్లకు కిలోకి కొంత బోనస్ ఇవ్వాలి. మొదట్లో మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ వాడేవాళ్లం. బరువు కాలమ్‌ని కూడే సమ్(బరువు)కి ‘మొత్తం’ అని అలియాస్ (మారుపేరు) పెట్టి, కింద కూడిన లెక్కల్ని వడపోసే చోట హ్యావింగ్ మొత్తం > 500 అని రాస్తే చాలు, చదవడానికి కూడా హాయిగా ఉండేది.

తర్వాత సంతలో నెట్ ఉండదని లాప్‌టాప్‌లోనే నడిచే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ పెట్టుకున్నాం. అందులోనూ అలియాస్ నడుస్తుంది కదా అని ధీమాగా ఉన్నాను, కాకపోతే ఆ క్వెరీలో (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలో) అలియాస్‌కి కూడా ‘బరువు’ అనే పేరు పెట్టాను. ఎర్రర్ రాలేదు, లిస్టు వచ్చింది. పలాస లారీ ఎక్కించే రోజున కొండ మీది ఊరి పెద్దాయన ఒకాయన వచ్చి “బాబూ, మా ఊరి పేరేది? మేం తెచ్చింది తక్కువా?” అని అడిగాడు. వాళ్లవి 700 కిలోల పైనే, కానీ అన్నీ చిన్న చిన్న బస్తాలు. అలియాస్‌కీ అసలు కాలమ్‌కీ ఒకే పేరుంటే ఎస్‌క్యూలైట్ కాలమ్‌నే తీసుకుంటుంది, అంటే ఆ ఊరి వరుసల్లో ఏదో ఒకదాని బరువును 500తో పోల్చి ఊరినే తీసేసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంకో నాలుగు ఊళ్లు కూడా అలాగే పోయాయని తేలింది, మర్నాడు వెళ్లి అందరికీ డబ్బు లెక్కకట్టి ఇచ్చాం.

ఇప్పుడు పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ వాడుతున్నాం. ఇందులో హ్యావింగ్ మొత్తం > 500 అంటే ఆ కాలమే లేదంటుంది. ముందు గ్రూప్ బై (ఊరివారీగా గుంపులు చేయడం), తర్వాత హ్యావింగ్, ఆ తర్వాతే సెలెక్ట్ (ఏం చూపాలో, దానికి ఏ అలియాస్ పెట్టాలో చెప్పేది), కాబట్టి హ్యావింగ్ దగ్గరికి వచ్చేసరికి ఆ పేరు ఇంకా పుట్టలేదు. ఫలితాల్ని వరుసగా పేర్చే ఆర్డర్ బైలో మాత్రం అలియాస్ చక్కగా పనిచేస్తుంది. మిగతా డేటాబేస్‌లలో ఎస్‌క్యూఎల్ సర్వర్‌దీ ఇదే పద్ధతి, ఒరాకిల్ మాత్రం 23ఏఐ వెర్షన్ నుంచి హ్యావింగ్‌లో అలియాస్‌ని ఒప్పుకుంటోంది.

మొదట విసుగొచ్చింది గానీ, తప్పు లిస్టు ఇచ్చేకంటే ఆగిపోవడమే నాకు నయం. ఇప్పుడు హ్యావింగ్‌లో సమ్(బరువు) > 500 అని పూర్తిగా రాస్తాను, లెక్క పొడుగైతే దాన్ని విత్‌లో (క్వెరీ మొదట్లో పేరు పెట్టి విడిగా రాసే భాగంలో) పెట్టి, బయట వరుసల్ని వడపోసే వేర్‌తో వడపోస్తాను. రెండుచోట్ల రాస్తే రెండుసార్లు కూడుతుందేమో అని టెన్షన్ వద్దు, ఒకేలా ఉన్న సమ్‌ని పోస్ట్‌గ్రెస్ ఒక్కసారే లెక్కిస్తుంది.